కొత్త రైడర్‌కి ఏ సైకిల్ కంప్యూటర్ సరిపోతుంది?

సైకిల్ కంప్యూటర్ కొందామని రివ్యూలు తిరగేయడం మొదలుపెట్టిన కొత్తవాళ్ళందరికీ ఒకటే గతి పడుతుంది. అరగంట గడిచేసరికి వీఓ2 మ్యాక్స్, ట్రైనింగ్ లోడ్, మల్టీబ్యాండ్ అంటూ ఏవేవో మీద పడతాయి, నాకు కావాల్సింది స్పీడెంత, దూరమెంత అన్నదే కదా అని తల పట్టుకుంటారు. అందుకే ముందే తేల్చి చెప్పేస్తా, మిగతాది చదివే ఓపిక లేనివాళ్ళు ఇక్కడితో వెళ్ళిపోవచ్చు. రోజూ తొక్కే దారులు మీకు తెలిసినవే అయితే మ్యాప్ లేని చిన్న జీపీఎస్ కంప్యూటర్ చాలు. తెలియని దారులు పట్టుకుని పోవాలన్న కోరిక ఉంటే తిన్నగా మ్యాప్ ఉన్నదే కొనండి. ఈ రెండింటికీ మధ్యలో, ఖాళీ తెర మీద ఒక గీత మాత్రం గీసి "నావిగేషన్ ఉంది" అని అమ్మేవి కొన్ని ఉంటాయి, వాటి దగ్గర మాత్రం కాస్త జాగ్రత్త.

నేను వాడినవి మూడు రకాలు: చక్రానికి అయస్కాంతం బిగించే పాతకాలపు మీటరు, నలుపు తెలుపు తెర ఉన్న ఒక చిన్న జీపీఎస్, ఇప్పుడు గార్మిన్ ఎడ్జ్ 540. వాహూ ఎలిమెంట్ బోల్ట్ రెండో వెర్షన్ నాతో తొక్కే ఫ్రెండ్‌ది, సైకిళ్ళు మార్చుకున్నప్పుడల్లా దాన్నీ వాడాను.

ముందు ఫోన్ సంగతి. ఫోన్‌ని జెర్సీ వెనక జేబులో పడేసి రైడ్లు రికార్డు చేసే స్ట్రావా యాప్ ఆన్ చేసుకుంటే రైడ్ మొత్తం రికార్డవుతుంది, ఇంటికొచ్చాక మ్యాప్ మీద తీరిగ్గా చూసుకోవచ్చు. దానితో తృప్తిగా ఉంటే ఏదీ కొనక్కర్లేదు, నిజంగానే చెప్తున్నా. చిక్కల్లా ఫోన్‌ని హ్యాండిల్ మీదకి ఎక్కించినప్పుడే. ఎండలో తెర కనిపించాలంటే బ్రైట్‌నెస్ పూర్తిగా పెంచాలి, పెంచితే బ్యాటరీ దిగిపోతుంది, ఫోన్ బాగా వేడెక్కితే మనల్ని అడక్కుండానే వెలుగు తగ్గించేస్తుంది. ఒక చెమట చుక్క పడిందంటే ఏ బటన్ నొక్కుకుంటుందో తెలీదు. మోటార్‌సైకిల్ ఇంజిన్ల అదురుకి ఐఫోన్ కెమెరాలు దెబ్బతినొచ్చని యాపిల్ కంపెనీయే 2021లో హెచ్చరించింది. సైకిల్‌కి ఇంజిన్ లేదు గానీ, గతుకుల రోడ్డు మీద హ్యాండిల్ ఎలా కొట్టుకుంటుందో చూశాక ఖరీదైన ఫోన్‌ని అక్కడ బిగించడానికి నాకైతే మనసొప్పదు. పైగా దారిలో ఏదన్నా అయితే ఎవరినైనా పిలవాల్సింది ఆ ఫోన్‌తోనే, దాని ఛార్జింగ్ దాచుకోవడమే మంచిది.

అయస్కాంతం మీటర్లని ఇప్పుడు అందరూ చిన్నచూపు చూస్తున్నారు గానీ, నాకు వాటి మీద ఇంకా గౌరవం ఉంది. క్యాట్‌ఐ, సిగ్మా లాంటి కంపెనీలు ఇప్పటికీ చేస్తున్నాయి. ముందు చక్రం పుల్లకి ఒక అయస్కాంతం, ఆ చక్రాన్ని పట్టుకుని ఉండే ఫోర్క్‌కి ఒక సెన్సర్. అయస్కాంతం సెన్సర్ ముందు నుంచి పోయిన ప్రతిసారీ లోపల ఒక స్విచ్ మూసుకుంటుంది, ఆ చుట్లు లెక్కపెట్టి మనం ఇచ్చిన చక్రం చుట్టుకొలతతో గుణిస్తుంది, అంతే విద్య. ఉపగ్రహాలతో పని లేదు, సొరంగంలోనైనా చెట్ల కిందైనా స్పీడ్ ఠక్కున చూపిస్తుంది, చాలావాటిలో ఒక సీఆర్2032 బిళ్ళ బ్యాటరీ వేస్తే నెలల తరబడి దాని ఊసే ఎత్తక్కర్లేదు. చుట్టుకొలత మాత్రం సరిగ్గా పెట్టుకోవాలి. 700x23 టైరుకి 2096 మిల్లీమీటర్లు, 700x28కి 2136. లావు టైరు వేసి పాత అంకె అలాగే వదిలేస్తే 100 కిలోమీటర్లు తొక్కినప్పుడు 98 చూపిస్తుంది, కష్టపడి తొక్కిన రెండు కిలోమీటర్లు గాలికి పోయినట్టే. పట్టికలో మీ టైరు లేకపోతే నేల మీద ఒక గీత గీసి, టైరు వాల్వ్ ఆ గీత మీద ఉండేలా పెట్టి, సైకిల్ మీద కూర్చుని ఒక చుట్టు ముందుకి కదిలి టేపుతో కొలవండి. కూర్చునే కొలవాలి, మన బరువుకి టైరు కొంచెం నొక్కుకుంటుంది.

దీని లోపం ఏంటంటే రైడ్ దాచుకోదు. మొత్తం దూరం, సగటు, గరిష్ఠ స్పీడ్ తప్ప ఎక్కడికి పోయామో, ఏ ఎత్తులో రొప్పామో దీనికి తెలీదు. పంక్చరై ముందు చక్రం విప్పి బిగించాక అయస్కాంతం కొంచెం జరిగినా స్పీడ్ సున్నా అయి కూర్చుంటుంది, ఆగి వేలితో అటూ ఇటూ జరిపి చక్రం తిప్పి చూసుకోవాలి. ఆఫీసుకో కాలేజీకో సైకిల్ మీద పోయే వాళ్ళకి ఇది చాలు. స్ట్రావా అలవాటైన వాళ్ళకి మాత్రం వారంలో మొహం మొత్తుతుంది.

ఇక చిన్న జీపీఎస్‌లు. బ్రైటన్ రైడర్ 15, ఐజీపీస్పోర్ట్ బీఎస్‌సీ100ఎస్, గార్మిన్ ఎడ్జ్ 130 ప్లస్ లాంటివి ఈ తరగతివి. వీటికి అయస్కాంతం అక్కర్లేదు, సైకిల్ మీద నుంచి తీసి ఇంకో సైకిల్‌కి నిమిషంలో పెట్టుకోవచ్చు. రైడ్ అయ్యాక ఫోన్ యాప్ ద్వారా స్ట్రావాలోకి వెళ్ళిపోతుంది. ఆన్ చేయగానే బయల్దేరకుండా ఆకాశం కనిపించే చోట సైకిల్ ఆపి, సిగ్నల్ దొరికిందని అది చెప్పాక కదలండి, షూ లేసులు కట్టుకునేలోపు దొరుకుతుంది. యాప్‌తో తరచుగా సింక్ చేస్తుంటే ఉపగ్రహాలు ఎక్కడెక్కడ ఉంటాయన్న సమాచారం ముందే దిగి ఉంటుంది, ఇంకా త్వరగా దొరుకుతుంది. దట్టమైన చెట్ల కింద, ఎత్తైన బిల్డింగుల మధ్య స్పీడ్ కొంచెం ఊగుతుంది, ఆగి నిలబడ్డా ఒక్కోసారి రెండు మూడు కిలోమీటర్ల స్పీడ్ చూపిస్తుంది. ఆటో పాజ్ పెట్టుకుంటే ఈ గొడవ చాలావరకు తగ్గుతుంది. అది కూడా చికాకు అనిపిస్తే తర్వాత హబ్‌కి, అంటే చక్రం మధ్యభాగానికి కట్టే స్పీడ్ సెన్సర్ ఒకటి కొనుక్కోవచ్చు, మొదటి రోజే అవసరం లేదు.

బాక్స్ మీద రాసేవాటిలో నేను ముందు చూసేది తెర. అంగుళాలు కాదు చూడాల్సింది, ఎండలో ఎలా కనిపిస్తుందన్నది. మంచి సైకిల్ కంప్యూటర్లలో చాలావాటికి వెలుతురుని వెనక్కి పంపే రకం తెర ఉంటుంది, ఎండ ఎంత గట్టిగా ఉంటే అంత స్పష్టంగా కనిపిస్తుంది. షాపులో ట్యూబ్‌లైట్ కింద చూస్తే అదే తెర వెలిసిపోయినట్టు, చవకరకంలా ఉంటుంది, పక్కనే ఉన్న ఫోన్ తెర ముందు వెలవెలబోతుంది. అక్కడే చాలామంది మోసపోతారు. చేతిలోకి తీసుకుని బయటికి రండి, మీరు రైడ్‌లో పెట్టుకునే కళ్ళద్దాలు పెట్టుకుని, హ్యాండిల్ మీద ఉన్నంత దూరంలో పట్టుకుని చూడండి. పోలరైజ్డ్ అద్దాలైతే కొన్ని తెరలు ఒక కోణంలో నల్లబడిపోతాయి, అది ఇంట్లో తెలియదు. చత్వారం వచ్చినవాళ్ళకి ఈ పరీక్ష ఇంకా ముఖ్యం.

ఈ విషయంలో బోల్ట్‌ది ఒక మంచి పద్ధతి. తెర 2.2 అంగుళాలే, కానీ పక్కనున్న రెండు బటన్లతో పేజీలో కనిపించే అంకెల సంఖ్య తగ్గించొచ్చు, పెంచొచ్చు. తగ్గిస్తే మిగిలినవి పెద్దవవుతాయి. ఎత్తు ఎక్కుతూ కళ్ళు మసకలేస్తున్నప్పుడు ఒక్క బటన్‌తో స్పీడూ గుండె వేగం మాత్రం పెద్దగా కనిపించేలా చేసుకోవడం ఎంత హాయో వాడితేనే తెలుస్తుంది. 540 తెర 2.6 అంగుళాలు, పేజీలు ముందే కుదిర్చి పెట్టుకోవాలి, రైడ్ మధ్యలో ఇలాంటి వెసులుబాటు లేదు.

టచ్ కావాలా బటన్లు కావాలా అని అందరూ అడుగుతారు. నా ఓటు బటన్లకే. చెమట పట్టిన వేలు, గ్లవ్స్, వాన, ఈ మూడింటిలో ఏది ఉన్నా టచ్ నఖరాలు చేస్తుంది, బటన్ చేయదు. కానీ 540లో ఏడు బటన్లతో మెనూల్లోకి దిగి ఒక సెట్టింగ్ వెతకడం అంటే ఓర్పు ఉండాలి, మ్యాప్‌ని పక్కకి జరపడమైతే మరీ విసుగు. దాని అన్న ఎడ్జ్ 840లో బటన్లూ ఉన్నాయి, టచ్చూ ఉంది, తెర సైజు మాత్రం అదే. మ్యాప్‌ని తరచుగా వేలితో జరిపి చూసే అలవాటుంటే దానికి పోండి, లేదంటే ఆ అదనపు ఖర్చు వద్దు. బోల్ట్‌లో సెట్టింగులు దాదాపు అన్నీ ఫోన్ యాప్‌లోనే మార్చుకోవాలి. కొత్తవాళ్ళకి నిజానికి అదే తేలిక. పేజీలో ఏ అంకె ఎక్కడుండాలో సోఫాలో కూర్చుని ఫోన్‌లో లాగి సర్దుకుంటే అది వెంటనే కంప్యూటర్‌లో కనిపిస్తుంది. గార్మిన్ 540లో కూడా ఇప్పుడు ఫోన్ నుంచి మార్చుకునే వీలుంది గానీ, వాహూ వాళ్ళది చూశాక అది కాస్త గజిబిజిగా అనిపిస్తుంది.

ఇప్పుడు అసలు విషయం, దారి చూపించడం. మొదట్లో చెప్పిన గీత సంగతేంటంటే, మీరు ఎక్కించిన రూటు తెర మీద ఒక గీతలా కనిపిస్తుంది, మీరు అందులో ఒక బాణం. చుట్టూ ఏ రోడ్డూ ఉండదు. పొలాల మధ్య ఒకే రోడ్డు ఉన్నచోట దీనితో బ్రహ్మాండంగా పోవచ్చు. రెండు రోడ్లు పక్కపక్కనే కొంచెం వాలుగా చీలే చోట మాత్రం ఏది మనదో తెలీదు, ఏదో ఒకటి పట్టుకుని కొంత దూరం పోయాక బాణం గీత మీద నుంచి పక్కకి జరుగుతుంది, కీచుమని అరుస్తుంది, అప్పుడు వెనక్కి తిరగాలి. ఒంటరిగా అయితే నవ్వుకుని తిరగొచ్చు, వెనకాల గుంపు ఉంటే వాళ్ళ మొహాలు చూడాలి. మ్యాప్ ఉన్నదాంట్లో ఆ చీలిక ముందే కనిపిస్తుంది, మలుపు ఎన్ని మీటర్లుందో అంకె తగ్గుతూ వస్తుంది. ఊరు తెలియని చోట అది ఇచ్చే ధీమా వేరు.

540 వాడేవాళ్ళకి ఒక మాట. కోర్స్ (మనం ఎక్కించిన రూటు) సెట్టింగుల్లో దారి తప్పితే తనంతట తానే కొత్త దారి వెతికే ఆప్షన్ ఉంటుంది, దాన్ని ఆపేయండి, లేదా ముందు మనల్ని అడిగేలా పెట్టుకోండి. టీ తాగడానికి రూటు వదిలి కాస్త పక్కకి పోయినా వెనక్కి తిరుగు, వెనక్కి తిరుగు అని ప్రాణం తీస్తుంది. ఆపేస్తే మళ్ళీ మనమే గీత మీదకి వచ్చాక మౌనంగా కలిసిపోతుంది.

ఎత్తుల సంగతి. క్లైంబ్‌ప్రో అని గార్మిన్‌లో, సమ్మిట్ అని వాహూలో ఒక పేజీ ఉంటుంది. ఎత్తు మొదలవగానే ఇంకా ఎంత దూరం ఉంది, ఎంత ఎక్కాలి, ముందు వాలు ఎంత నిటారుగా ఉందో రంగుల్లో చూపిస్తుంది. రూటు ఎక్కించకపోయినా పనిచేస్తుంది. ఇది ఆర్భాటం అనుకునేవాణ్ణి, ఇప్పుడు నాకు అన్నిటికంటే ఇష్టమైన పేజీ ఇదే. ఇంకో మూడొందల మీటర్లలో వాలు తగ్గుతుందని తెలిస్తే కాళ్ళు అంతవరకు ఎలాగోలా లాగుతాయి, తెలియకపోతే అక్కడే దిగి నడిపిస్తాం.

ఎత్తు కొలిచేది చాలావాటిలో గాలి పీడనంతో. సముద్ర మట్టం దగ్గర సుమారు ఎనిమిది మీటర్లు పైకి వెళ్తే పీడనం ఒక మిల్లీబార్ తగ్గుతుంది, దాన్ని బట్టి లెక్క. వాతావరణం మారినా పీడనం మారుతుంది, వానలో ఆ సన్నటి రంధ్రానికి నీళ్ళు అడ్డం పడితే లెక్క ఇంకా తప్పుతుంది. కాబట్టి కలిసి తొక్కిన నలుగురికీ నాలుగు రకాల ఎక్కుడు అంకెలు వస్తే గొడవ పడకండి, అందరివీ కొంచెం తప్పే.

సెన్సర్ల విషయానికొస్తే, గుండె వేగానికి ఛాతీ పట్టీ, తొక్కుడు వేగానికి కేడెన్స్ సెన్సర్, మొదటి ఏడాదికి ఇవి రెండూ చాలు, అవి కూడా ఒకటొకటిగా కొనుక్కోవచ్చు. సెన్సర్ కంప్యూటర్‌తో యాంట్ ప్లస్ అనే వైర్‌లెస్ పద్ధతిలో మాట్లాడుతుందా బ్లూటూత్‌లోనా అన్నది చూసుకోవాలి, చాలా కొత్త సెన్సర్లు రెండిట్లోనూ మాట్లాడతాయి, కానీ చవక కంప్యూటర్లలో కొన్ని ఒకదాన్నే వింటాయి. పెడల్ మీద ఎంత శక్తి పెడుతున్నామో కొలిచే పవర్ మీటర్ గురించి ఇప్పుడే ఆలోచించకండి. దీనికి సంబంధించి రివ్యూల్లో ఎవరూ గట్టిగా చెప్పని విషయం ఒకటుంది: గార్మిన్‌లో సైక్లింగ్ వీఓ2 మ్యాక్స్ (ఒళ్ళు గరిష్ఠంగా ఎంత ఆక్సిజన్ వాడుకోగలదన్న ఫిట్‌నెస్ కొలత) అంకె రావాలంటే గుండె పట్టీతో పాటు పవర్ మీటర్ కూడా ఉండాలి. ఇంకా ఎంత ఓపిక మిగిలిందో చెప్పే స్టామినా లాంటివీ దాని మీదే ఆధారపడ్డాయి. అంటే 540 బాక్స్ మీద కనిపించే సగం వైభవం కొత్త రైడర్ తెర మీద ఖాళీ గీతలుగానే ఉంటుంది. కేలరీల అంకెనీ అంతగా నమ్మొద్దు. పవర్ మీటర్ ఉంటే ఒక కిలోజౌల్ పనికి సుమారు ఒక కేలరీ ఖర్చని దగ్గరగా చెప్పొచ్చు. గుండె పట్టీ కూడా లేకపోతే అది బరువునీ స్పీడ్‌నీ చూసి వేసే ఉజ్జాయింపు లెక్క, దాన్ని నమ్మి రెండో ప్లేటు పెట్టించుకుంటే మీ ఇష్టం.

బ్యాటరీ గురించి కంపెనీలు తెగ గొప్పలు పోతాయి. 540కి గట్టిగా వాడినా 26 గంటలంటారు, బోల్ట్‌కి 15, బీఎస్‌సీ100ఎస్‌కి 40, కోరోస్ డ్యూరాకైతే ఏకంగా 120. వారానికి ఒకసారి మూడు నాలుగు గంటలు తొక్కేవాళ్ళకి వీటిలో ఏదైనా ఎక్కువే, దీన్ని చూసి మోడల్ ఎంచుకోకండి. సోలార్ మోడల్స్ జోలికి అసలే పోవద్దు. దానికంటే ఛార్జింగ్ కన్నం ఏ రకమో చూడండి. పాత ఎడ్జ్ 530కి మైక్రో యూఎస్‌బీ, 540కి యూఎస్‌బీ-సి. ఫోన్ కేబులే దీనికీ పనికొస్తే రైడ్ ముందు రాత్రి వెతుకులాట ఉండదు.

చాలామంది అస్సలు పట్టించుకోనిది సింక్. నా పాత చిన్న జీపీఎస్ (కంపెనీ పేరు వద్దులెండి) తొక్కేటప్పుడు బంగారం, ఇంటికొచ్చాక నరకం. యాప్ తెరిస్తే కనెక్ట్ అవుతున్నట్టు చక్రం తిరుగుతూ ఉంటుంది, తొంభై శాతం దాకా వచ్చి ఫెయిల్ అంటుంది, ఫోన్ ఆపి ఆన్ చేస్తే ఒక్కోసారి వస్తుంది, ఒక్కోసారి రాదు. ఆ టెన్షన్ పడలేకే మార్చాను. కాబట్టి కొనేముందు ఒక్క ప్రశ్న అడగండి: కేబుల్‌తో లాప్‌టాప్‌కి పెడితే రైడ్ ఫైలు నేరుగా తీసుకోవచ్చా? అలా తీసుకోగలిగితే ఆ ఫిట్ ఫైలుని స్ట్రావాలో మనమే ఎక్కించుకోవచ్చు, యాప్ ఎంత మొండికేసినా రైడ్ పోదు. ప్లే స్టోర్‌లో ఆ కంపెనీ యాప్ కింద ఈమధ్య రాసిన కామెంట్లు ఓ పది చదవండి, కంప్యూటర్ రివ్యూల కంటే అవే ఎక్కువ చెప్తాయి.

మౌంట్ దగ్గర పిసినారితనం వద్దు. పావు వంతు తిప్పితే బిగుసుకునే పద్ధతే గార్మిన్‌దీ వాహూదీ, కానీ ఒకదానిది ఇంకోదానికి కుదరదు. కొన్నిటి బాక్స్‌లో రబ్బరు బ్యాండ్లతో స్టెమ్‌కి (హ్యాండిల్‌ని సైకిల్‌కి కలిపే ముక్కకి) కట్టేది వస్తుంది, దానితో పని గడుస్తుంది గానీ తల బాగా వంచి చూడాలి. హ్యాండిల్ ముందుకి చాచి ఉండే మౌంట్ అయితే రోడ్డు మీద నుంచి చూపు పెద్దగా తిప్పక్కర్లేదు, బాక్స్‌లో రాకపోతే భద్రత కోసమైనా అదే కొనండి. కంప్యూటర్‌తో తాడు ఇస్తే అది కట్టుకోండి, గుంతలో పడ్డప్పుడు ఎగిరిపోతే వెతకడం కష్టం.

పడిపోతే ఇంట్లోవాళ్ళకి మెసేజ్ పంపుతుందని, మనం ఎక్కడున్నామో లైవ్‌లో చూపిస్తుందని రాస్తారు కదా, ఎడ్జ్‌లో, బోల్ట్‌లో అది పంపేది మీ జేబులోని ఫోన్ ద్వారానే. ఫోన్ ఇంట్లో వదిలి, కంప్యూటర్ ఉంది కదా అని వెళ్ళకండి. భద్రత మీదే డబ్బు పెట్టాలనుకుంటే పెద్ద మోడల్‌కి పోయే బదులు చిన్న జీపీఎస్‌తో పాటు వెనక రాడార్ లైటు తీసుకోమంటాను. గార్మిన్ వేరియా 140 మీటర్ల దూరం నుంచే వెనక వచ్చే బండిని పట్టి తెర పక్కన చుక్కగా చూపిస్తుంది. రాడార్‌కి సపోర్ట్ ఉన్న కంప్యూటరేనా అని మాత్రం ముందే చూసుకోండి.

కొన్నాక మొదటి పేజీలో నాలుగు అంకెలకి మించి పెట్టకండి: స్పీడ్, దూరం, సమయం, నాలుగోది మీ ఇష్టం. సగటు స్పీడ్ మాత్రం ఆ పేజీలో వద్దు. అది కళ్ళముందు ఉంటే దాన్ని తగ్గనివ్వకూడదని సిగ్నళ్ళ దగ్గర కూడా బుద్ధి లేకుండా తొక్కుతాం, ఇంటికొచ్చాక చూసుకున్నా అదెక్కడికీ పోదు.

కొత్తది భారం అనిపిస్తే 2019లో వచ్చిన ఎడ్జ్ 530 సెకండ్ హ్యాండ్‌లో దొరికితే నేను వద్దనను. మ్యాప్ ఉంది, క్లైంబ్‌ప్రో ఉంది (రూటు ఎక్కిస్తేనే పనిచేస్తుంది), బటన్లే, కొత్త రైడర్‌కి కావాల్సినవన్నీ ఉన్నాయి. చేతిలోకి తీసుకుని వెనక్కి తిప్పి, మౌంట్‌లోకి దూరే రెండు రెక్కలు అరగకుండా, చిట్లకుండా ఉన్నాయా చూడండి, బటన్ల మీది రబ్బరు చిరిగిందేమో నొక్కి చూడండి, ఛార్జింగ్ కన్నం మూత ఊడిపోయి ఉంటే వానలో నీళ్ళు పోతాయి. బ్యాటరీ పాతదే కాబట్టి కొత్తదానంత రాదు, ఓ గంట ఆన్ చేసి పెట్టి శాతం ఎంత పడిందో చూడమనండి. అమ్మేవాళ్ళు వాళ్ళ అకౌంట్ నుంచి దాన్ని తీసేసి, మీ ఎదురుగా మీ ఫోన్‌కి జత కుదిరాకే డబ్బు ఇవ్వండి.